పిల్లల రెక్ సాకర్ టీమ్: పోటీ తగ్గకుండా, సరదా పోకుండా సీజన్ నడపడం ఎలా

అమెరికాలో ఫాల్ సీజన్‌కి ముందు, మళ్ళీ స్ప్రింగ్ సీజన్‌కి ముందు, ఊరి రెక్ (రిక్రియేషనల్, అంటే సరదాకి ఆడే) సాకర్ లీగ్ నుంచి తల్లిదండ్రులకు ఒక ఈమెయిల్ వస్తుంది. మీ పిల్లల టీమ్‌కి కోచ్ దొరకలేదు, ఎవరైనా ముందుకు రండి అని. ఫ్రిస్కోలో, ఎడిసన్‌లో, ఫ్రీమాంట్‌లో మనవాళ్ళు చాలామంది ఇలాగే కోచ్‌లయ్యారు. క్రికెట్ తప్ప వేరే ఆట ఆడనివాళ్ళు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో యూట్యూబ్‌లో చూసి నేర్చుకుని, శనివారం పొద్దున్నే కోన్లు, బంతుల సంచీ కారులో వేసుకుని బయల్దేరుతున్నారు. ఈ వ్యాసం వాళ్ళకోసం. డబ్బు తీసుకోకుండా, ఉద్యోగం చేసుకుంటూ, పదిమంది పిల్లల బాధ్యత నెత్తిన వేసుకున్నవాళ్ళకు పనికొచ్చేదే రాయాలని నా ప్రయత్నం.

కొత్త కోచ్‌కి మొదట వచ్చే సందేహం, గెలవడానికి ఆడించాలా, సరదాకి ఆడించాలా అని. పిల్లల్ని చూస్తే ఈ రెండూ విడిగా కనిపించవు. లీగ్ స్కోరు రాయకపోయినా ఆరేళ్ళ పిల్లని "ఎంతకి ఎంత?" అని అడగండి, ఠకీమని చెబుతుంది. జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీలో అమాండా విసెక్ బృందం సాకర్ ఆడే పిల్లల్ని, వాళ్ళ కోచ్‌లనీ తల్లిదండ్రులనీ అడిగి, ఆటను సరదాగా చేసేవి 81 అంశాలని తేల్చింది. అందులో గెలవడం 48వది. పైవరసలో ఉన్నవి తోటివాళ్ళతో మంచిగా ఆడటం, శక్తికొద్దీ ప్రయత్నించడం, కోచ్ తమతో బాగా ఉండటం. శక్తికొద్దీ ప్రయత్నించడం పిల్లలకు సరదా అన్నమాట. మరి ఆ సరదా ఎక్కడ పోతుంది? ఎనిమిది గోల్స్ తేడా వచ్చాక మిగిలిన ఇరవై నిమిషాల్లో పోతుంది. పక్కన కూర్చుని గడ్డి పీకే నిమిషాల్లో పోతుంది. సైడ్‌లైన్ మీద పెద్దవాళ్ళు వేసే కేకల్లో పోతుంది. ఈ మూడింటినీ అదుపులో పెడితే పోటీ ఎంత గట్టిగా ఉన్నా భయం లేదు.

1. మీ వయసు గ్రూపు నియమాలు ముందు చదవండి

2017 నుంచి యూఎస్ సాకర్ ఫెడరేషన్ పిల్లల ఆటకి వయసును బట్టి కొలతలు పెట్టింది. అండర్-8 వరకు ఒక్కో టీమ్‌కి నలుగురే, గోల్‌కీపర్ ఉండరు, బంతి 3వ నంబర్. అండర్-9, 10లో ఏడుగురు, అండర్-11, 12లో తొమ్మిదిమంది, బంతి 4వ నంబర్. అండర్-13 నుంచి పదకొండు మంది, 5వ నంబర్ బంతి. తలతో బంతి కొట్టడాన్ని చిన్న వయసుల్లో ఆపేస్తున్నామని 2015 నవంబర్‌లోనే ప్రకటించారు. టీమ్ చిన్నదైతే ప్రతి పిల్లకీ బంతి ఎక్కువసార్లు అందుతుంది, దాక్కోవడానికి చోటు ఉండదు. ఈ కొలతలన్నీ అందుకే.

మీ లీగ్ ఏవైఎస్ఓ (అమెరికన్ యూత్ సాకర్ ఆర్గనైజేషన్) కిందకి వస్తే సగం నిర్ణయాలు మీకోసం ముందే అయిపోయాయి. 1964లో కాలిఫోర్నియాలోని టారెన్స్‌లో మొదలైన ఈ సంస్థలో ప్రతి పిల్లా కనీసం సగం ఆట ఆడాలి. అన్ని టీమ్‌లూ సమానంగా ఉండేలా పిల్లల్ని పంచాలి. ఇవి అక్కడ మూల సూత్రాలు. వేరే లీగ్ అయినా మీ టీమ్ వరకు వీటిని పాటించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఏడుగురి ఆటలో బిల్డ్-అవుట్ లైన్ అని ఒక గీత ఉంటుంది. గోల్‌కీపర్ చేతికి బంతి వచ్చినప్పుడు అవతలి టీమ్ ఆ గీత వెనక్కి తగ్గాలి. పిల్లలు కంగారు లేకుండా పాస్‌తో ఆట మొదలుపెట్టాలని దాని ఉద్దేశం. కొందరు కోచ్‌లు టీమ్‌లో అందరికంటే వేగంగా పరుగెత్తే పిల్లాణ్ణి సరిగ్గా ఆ గీత మీద నిలబెట్టి, బంతి కదలగానే మీద పడి లాక్కోమంటారు. గోల్స్ వస్తాయి, నిజమే. మీరు ఆ పని చెయ్యకండి. మీ గోల్‌కీపర్‌కి మాత్రం పక్కనున్న పిల్లకి పాస్ ఇమ్మనే చెప్పండి. మొదటి రెండు మూడు ఆటల్లో దానివల్ల గోల్స్ తింటారు, తిననివ్వండి. సీజన్ చివరికి మీ డిఫెండర్లు బంతిని చూసి బెదరరు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్, తల దెబ్బల గురించిన శిక్షణ, సేఫ్‌స్పోర్ట్ (పిల్లలపై వేధింపులు జరగకుండా చూసే శిక్షణ) లాంటివి లీగ్ అడగకముందే పూర్తి చేసుకోండి.

2. మొదటి ప్రాక్టీస్‌కి ముందే తల్లిదండ్రులకు ఒక మెసేజ్ పెట్టండి

సీజన్ మధ్యలో వచ్చే గొడవల్లో చాలావరకు ముందే చెప్పకపోవడం వల్ల వచ్చేవే. టీమ్‌లో అన్ని దేశాల పిల్లలూ ఉంటారు కాబట్టి మెసేజ్ ఇంగ్లీషులోనే పంపాల్సి వస్తుంది. సారాంశం మాత్రం ఇలా ఉండాలి:

"మన టీమ్ ప్రతి ఆటా గెలవాలనే ఆడుతుంది. పిల్లలందరూ దాదాపు సమానంగా ఆడతారు, స్కోరు ఎంత ఉన్నా ఇది మారదు. అందరూ అన్ని పొజిషన్లూ ఆడతారు. ఆట జరుగుతున్నప్పుడు సూచనలు కోచ్ ఒక్కరే ఇస్తారు. మీరు చప్పట్లు కొట్టండి, అవతలి పిల్లలు బాగా ఆడితే వాళ్ళకీ కొట్టండి. రిఫరీతో ఎవరూ వాదించవద్దు. ఏదైనా నచ్చకపోతే మర్నాడు ఫోన్ చెయ్యండి."

చివరి వాక్యం చాలా ముఖ్యం. ఆట అయిన పది నిమిషాల్లో వచ్చే కోపం మర్నాటికి సగం చల్లారుతుంది. రిఫరీ గురించి ఒక మాట విడిగా చెప్పండి. రెక్ ఆటలకి వచ్చే రిఫరీల్లో పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలూ ఉంటారు. వాళ్ళూ నేర్చుకుంటున్నవాళ్ళే, వాళ్ళమీద నలభై ఏళ్ళ మనిషి అరిస్తే మళ్ళీ విజిల్ పట్టుకోరు.

ఎంత చెప్పినా వాట్సాప్‌లో మెసేజ్‌లు వస్తాయి. "అన్నా, మావాణ్ణి ముందు ఆడించొచ్చు కదా, వెనకాల నిలబడి బోర్ కొడుతోందంటున్నాడు." దీనికి పెద్ద ఉపన్యాసం వద్దు. "తప్పకుండా అన్నా. వచ్చే శనివారం సెకండ్ హాఫ్‌లో వాడి వంతు ఉంది, చార్ట్‌లో రాసిపెట్టాను" అంటే చాలు. అలా అనాలంటే చార్ట్ నిజంగా ఉండాలి. దాని సంగతి నాలుగో మెట్టులో చెబుతాను.

3. ప్రాక్టీస్‌లో ఉజ్జీలు కుదర్చండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. మన ఊళ్ళలో కబడ్డీకి జట్లు ఎలా చేసుకునేవాళ్ళో జ్ఞాపకం తెచ్చుకోండి. సమానమైన ఇద్దరు ఉజ్జీలుగా భుజాల మీద చేతులేసుకుని పక్కకి వెళ్ళి, చెరో రహస్యం పేరు పెట్టుకుని వచ్చేవాళ్ళు. జట్టు నాయకుడు "చందమామ" అని కోరుకుంటే చందమామ అటు, రెండోవాడు ఇటు. బక్కవాడికి బక్కవాడు, బలమైనవాడికి బలమైనవాడు. పెద్దవాళ్ళ జోక్యం లేకుండానే జట్లు సమానమయ్యేవి, ఆట చివరిదాకా తేలేది కాదు. పోటీకి రుచి వచ్చేది అక్కడే.

మీ టీమ్‌లో ఎవరికి ఎవరు ఉజ్జీయో రెండు ప్రాక్టీసుల్లో తెలిసిపోతుంది. ఒక కాగితం మీద రాసుకోండి, పిల్లలకి మాత్రం చూపించకండి. ప్రాక్టీస్‌లో టీమ్‌లు విడగొట్టిన ప్రతిసారీ ఉజ్జీలు చెరోవైపు వెళ్ళాలి. కెప్టెన్లని పెట్టి ఒక్కొక్కర్నీ ఎంచుకోమనడం మాత్రం ఎప్పుడూ చెయ్యకండి. చివర మిగిలిన పిల్ల ముఖం చూస్తే ఎందుకో మీకే తెలుస్తుంది.

ఉజ్జీలు వాటంతటవే కుదిరే ఆట ఒకటుంది, నిచ్చెన. పదిమంది పిల్లలుంటే అయిదు చిన్న మైదానాలు వరసగా కోన్లతో గుర్తు పెట్టండి. ఒక్కోదానికి రెండు చివర్లా రెండడుగుల గోల్. ఒక్కో మైదానంలో ఒకరికి ఒకరు, తొంభై సెకన్ల ఆట. విజిల్ వెయ్యగానే గెలిచినవాళ్ళు పై మైదానానికి, ఓడినవాళ్ళు కింది మైదానానికి జరుగుతారు. సమానమైతే చివరి గోల్ కొట్టినవాళ్ళు పైకి, గోల్సే లేకపోతే రాయి-కాగితం-కత్తెర. నాలుగైదు విడతలయ్యేసరికి దాదాపు ప్రతి పిల్లకీ తనతో సరితూగే జోడీ దొరుకుతుంది. అందరికంటే కింది మైదానంలో కూడా ఆట హోరాహోరీగా సాగుతుంది. పది నిమిషాల్లో అందరికీ చెమటలు పడతాయి, అందరికీ కనీసం ఒక గెలుపు దక్కే అవకాశం ఎక్కువ, క్యూలో నిలబడేవాళ్ళే ఉండరు.

టీమ్‌గా ఆడించేటప్పుడు ఒక నియమం పెట్టండి. ఎవరైనా రెండు గోల్స్ ఆధిక్యంలోకి వెళితే ఆ టీమ్ నుంచి ఒకరు అవతలికి మారాలి. మొదట్లో గొణుగుతారు, తరవాత వాళ్ళే "కోచ్, రెండయ్యాయి, ఎవరు వెళ్ళాలి?" అని అడుగుతారు.

గంట ప్రాక్టీస్‌ని ఇలా విడగొట్టుకోండి. మొదటి పదిహేను నిమిషాలు, వచ్చినవాళ్ళు వచ్చినట్టే ఇద్దరికి ఇద్దరు, ముగ్గురికి ముగ్గురు ఆటలో చేరిపోవాలి. ఆలస్యంగా వచ్చిన పిల్లకి అక్షింతలు వెయ్యకండి, కారు నడిపేది ఆ పిల్ల కాదు. తరవాత పాతిక నిమిషాలు ఒకే ఒక్క నైపుణ్యం, అదీ నిచ్చెనలాంటి ఆటల్లోనే. చివరి ఇరవై నిమిషాలు పూర్తి ఆట, మీరు నోరు మెదపకుండా. యూఎస్ సాకర్ కోచింగ్ కోర్సుల్లో నేర్పే 'ప్లే-ప్రాక్టీస్-ప్లే' పద్ధతి ఇదే.

మైదానం చుట్టూ రౌండ్లు కొట్టించడం, ఒక్క బంతికి ఎనిమిదిమందిని క్యూలో నిలబెట్టడం మానెయ్యండి. నాకౌట్ (ఒకరి బంతిని ఒకరు బయటికి తన్ని అవుట్ చేసే ఆట) లాంటి ఆటల్లో ఒక చిక్కుంది. ఎవరికి సాధన ఎక్కువ కావాలో వాళ్ళే అందరికంటే ముందు అవుటై బయట నిలబడతారు. అవుటైనవాళ్ళు పక్కన బంతిని పదిసార్లు కాలివేళ్ళతో తట్టి మళ్ళీ లోపలికి రావచ్చని మార్చండి. ఎన్నిసార్లు అవుటయ్యారో లెక్క పెట్టుకోమనండి, పోయినవారం కంటే తగ్గితే అది వాళ్ళ గెలుపు.

4. ఆడే నిమిషాలను శుక్రవారం రాత్రే రాసుకోండి

శనివారం, స్కోరు 2-2, చివరి పది నిమిషాలు. అప్పుడు ఎవర్ని మైదానంలోకి దించాలో ఆలోచిస్తే ఎంత మంచివాళ్ళకైనా మనసు బాగా ఆడే పిల్లల వైపే లాగుతుంది. అందుకే చార్ట్ కాగితం ముందే సిద్ధంగా ఉండాలి.

ఏడుగురి ఆట, పాతిక నిమిషాల హాఫ్‌లు రెండు, టీమ్‌లో పదిమంది అనుకుందాం. యాభై నిమిషాలను అయిదేసి నిమిషాల చొప్పున పది ముక్కలు చెయ్యండి. ఒక్కో ముక్కలో ముగ్గురు బయట. అంటే ప్రతి పిల్లా మూడు ముక్కలు కూర్చుంటుంది, ఏడు ముక్కలు ఆడుతుంది, ముప్పై అయిదు నిమిషాలు. లెక్క అందరికీ సరిగ్గా సరిపోతుంది. బంతి బయటికి వెళ్ళినప్పుడు రిఫరీ అనుమతితో మార్చండి, ఒక నిమిషం అటూ ఇటూ అయినా ఫర్వాలేదు. పదిమందికి బదులు తొమ్మిదిమందే వస్తే ఏం చెయ్యాలో రెండో కాగితం మీద రాసిపెట్టుకోండి, ఎవరో ఒకరికి జ్వరం రాని వారం ఉండదు.

చివరి ముక్కలో ఎవరు కూర్చోవాలన్నది కూడా సీజన్ పొడుగునా వంతులే. కీలకమైన నిమిషాల్లో మైదానంలో ఉండటం ప్రతి పిల్లకీ అనుభవంలోకి రావాలి. ఒత్తిడిలో ఆడటం నేర్చుకునేది ఒత్తిడిలో ఆడే కదా.

గోల్‌కీపర్ విషయంలో ఒక చిన్న లెక్క చూసుకోవాలి. ఒక హాఫ్ మొత్తం గోల్‌లో నిలబడిన పిల్ల మిగతా హాఫ్‌లో మూడు ముక్కలు కూర్చుంటే, పరుగెత్తేది పది నిమిషాలే. ఆ వారం కీపర్లకి ఒక ముక్క తక్కువ కూర్చోబెట్టి, వచ్చేవారం సరిచెయ్యండి. ఎనిమిది ఆటల సీజన్‌లో పదహారు హాఫ్‌లు, పదిమంది పిల్లలు. ఒక్కొక్కరికి ఒకటి రెండుసార్లకు మించి రాదు. నిజంగా భయపడే పిల్లని మాత్రం బలవంతం చెయ్యకండి. ముందు ప్రాక్టీస్‌లో మెత్తటి బంతులతో అలవాటు చెయ్యండి.

5. శనివారం మీ నోరు, వాళ్ళ కాళ్ళు

"పాస్ ఇవ్వు! కాదు కాదు, కొట్టు! వెనక్కి రా!" ఒక్క బంతి మీద మూడు ఆజ్ఞలు. కోచ్ ఇంగ్లీషులో ఒకటి, నాన్న తెలుగులో ఇంకొకటి చెబుతుంటే పిల్లాడు బంతిని వదిలేసి సైడ్‌లైన్ వైపు చూస్తాడు. ఆ చూపు మీకు కనబడిందంటే అరుపులు ఎక్కువయ్యాయని అర్థం. బంతి కాలి దగ్గరున్న పిల్లతో ఎవరూ మాట్లాడకూడదన్నది మంచి నియమం. చెప్పాల్సింది బంతికి దూరంగా ఉన్న పిల్లలకి, లేదా పక్కన కూర్చున్నవాళ్ళకి చెప్పండి. కొన్ని లీగ్‌లు ఏడాదికోసారి సైలెంట్ శనివారం పెడతాయి, చప్పట్లు తప్ప మాట వినిపించకూడదు. ఆరోజు పిల్లలు ఒకరితో ఒకరు ఎంత మాట్లాడుకుంటారో గమనించండి.

ఆటకు ముందు స్కోరుతో సంబంధం లేని ఒక్క లక్ష్యం ఇవ్వండి. "బంతి పోగానే అయిదు లెక్కపెట్టేలోపు తిరిగి తెచ్చుకోవాలి. ఇవాళ ఎన్నిసార్లు తెస్తారు?" పక్కన కూర్చున్న ముగ్గురికీ లెక్కపెట్టే పని అప్పజెప్పండి. గడ్డి పీకడం ఆగిపోతుంది. 0-4తో ఓడిన రోజు కూడా "పన్నెండుసార్లు తెచ్చాం, పోయినవారం ఎనిమిదే" అని ఎగురుకుంటూ వస్తారు.

తప్పు చేసిన పిల్లకి ఒక సైగ నేర్పండి. భుజం మీద దుమ్ము దులుపుకున్నట్టు చేస్తే, అయిపోయింది, తరవాతి బంతి చూసుకో అని. మీరు సైడ్‌లైన్ మీద ఆ సైగ చేస్తే చాలు, పేరు పెట్టి పిలిచి అందరి ముందూ ధైర్యం చెప్పక్కర్లేదు. పిల్లల క్రీడల కోసం స్టాన్‌ఫర్డ్‌లో 1998లో మొదలైన పాజిటివ్ కోచింగ్ అలయన్స్ ఇలాంటివి ఎన్నో నేర్పుతుంది. దాని కోర్సులు మీ లీగ్ ద్వారా దొరుకుతాయేమో కనుక్కోండి.

6. స్కోరు మరీ ఏకపక్షమైతే

నాలుగు గోల్స్ ఆధిక్యం వచ్చిందా, మార్పులు మొదలుపెట్టండి. ఎప్పుడూ గోల్ కొట్టని పిల్లల్ని ముందుకి, గోల్స్ కొట్టేవాళ్ళని డిఫెన్స్‌కి పంపండి. ఎడమకాలితోనే కొట్టాలని ఇద్దరి ముగ్గురి చెవిలో చెప్పండి. చెవిలోనే, ఎందుకంటే "ఇక గోల్స్ కొట్టకండర్రా" అని గట్టిగా అరిస్తే అవతలి పిల్లలకి అదే పెద్ద అవమానం. ఇరవై పాసుల తరవాతే కొట్టమనడమూ అంతే, బంతి అందకుండా ఏడిపించినట్టు ఉంటుంది. అన్నిటికంటే మంచి దారి ఒక ఆటగాణ్ణి తగ్గించుకోవడం, లేదా అవతలి కోచ్‌ని అదనంగా ఒకరిని దింపుకోమనడం. చాలా రెక్ లీగ్‌లు దీన్ని ఒప్పుకుంటాయి. మీవాళ్ళకి ఆరుగురితో ఏడుగుర్ని ఎదుర్కోవడం అసలైన పరీక్ష అవుతుంది.

మీరే చిత్తుగా ఓడిపోతుంటే హాఫ్‌టైమ్‌లో స్కోరు చెరిపెయ్యండి. రెండో హాఫ్ కొత్త ఆట, 0-0. మొదటి హాఫ్ 0-5, రెండోది 1-2 అయితే అది పుంజుకున్నట్టే. పిల్లలతో ఆ మాట అనండి, నిజం కాబట్టి నమ్ముతారు. "మనమే గెలిచినట్టు లెక్క" లాంటి అబద్ధాలు మాత్రం వద్దు.

7. ఏడ్చే పిల్లాడు, ఇష్టంలేని పిల్ల

ఓడితే వెక్కి వెక్కి ఏడ్చే పిల్లాడు ప్రతి టీమ్‌లోనూ ఉంటాడు. "ఆటే కదా నాన్నా, పోనీ" అంటే వాడికి ఇంకా మండుతుంది, ఎందుకంటే వాడికి అది పోనీ అనే విషయం కాదు. పక్కన కూర్చోండి. "గెలవాలని చాలా అనుకున్నావు కదూ" అని ఊరుకోండి. ఏడుపు తగ్గాక అవతలి టీమ్‌తో చేతులు కలపడానికి మాత్రం తప్పకుండా తీసుకెళ్ళండి. ఏడవచ్చు, కానీ చెయ్యి కలపకుండా వెళ్ళకూడదు. రిఫరీని అన్నా, తోటి పిల్లని "నీవల్లే ఓడాం" అన్నా, ఒక ముక్క పక్కన కూర్చోబెట్టండి, ఎంత బాగా ఆడేవాడైనా సరే.

రెండో రకం పిల్ల, బంతి వస్తే పక్కకి తప్పుకునేది. ఆ పిల్ల గురించి వాళ్ళమ్మానాన్నలు పడే టెన్షన్ అంతా ఇంతా కాదు. నిచ్చెనలో తన ఉజ్జీతో రెండుసార్లు గెలిస్తే కొందరు మారిపోతారు. కొందరు స్నేహితుల కోసమే వస్తారు, అదీ మంచి కారణమే.

ర్యాంకుల మధ్య పెరిగిన మనకి, చిన్నప్పుడే పట్టికలో పైన లేకపోతే వెనకబడిపోతారేమో అనే భయం సహజం. నార్వేని చూడండి. అక్కడ పిల్లల క్రీడల నియమాల ప్రకారం పిల్లలకు పదకొండో ఏడు వచ్చేదాకా ఫలితాల పట్టికలు, ర్యాంకులు ఉండవు. అప్పటికి యాభై అయిదు లక్షల జనాభా కూడా లేని ఆ దేశం 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో 39 పతకాలతో మొదటి స్థానంలో నిలిచింది.

సెలక్షన్ పెట్టి పిల్లల్ని తీసుకునే క్లబ్ టీమ్‌కి ఎప్పుడు పంపాలని అడిగేవాళ్ళకి నా సమాధానం ఒకటే. ఎవరూ చెప్పకుండా గరాజ్ తలుపుకేసి బంతి కొట్టుకుంటూ, రెక్ ఆటలో తనకి ఉజ్జీ దొరక్క విసుగుపడుతూ, తానే అడిగినప్పుడు. అక్కడ ఏడాదికి వేల డాలర్ల ఖర్చు, ఊళ్ళు తిరగడం ఉంటాయి. అడిగింది పిల్లా, మీరా అన్నది నిజాయితీగా చూసుకోండి.

8. ఆట తరవాత, సీజన్ తరవాత

ఇంటికెళ్ళే కారులో ఆట గురించి విశ్లేషణ పెట్టుకోవద్దని తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి. తప్పించుకోలేని చోట, బెల్టు పెట్టుకుని కూర్చున్న పిల్లకి "ఆ పాస్ ఎందుకివ్వలేదు?" అనే ప్రశ్న చాలా బరువు. "నువ్వు ఆడుతుంటే చూడటం నాకు భలే ఇష్టం" అని, ఏం తింటావని అడిగితే చాలు. పిల్లే ఎత్తితే వినండి.

మీరు ఎలా నడిపారో చెప్పేది పాయింట్ల పట్టిక కాదు, వచ్చే సీజన్ రిజిస్ట్రేషన్ లిస్టు. పదిమందిలో ఎంతమంది మళ్ళీ చేరారో చూడండి. రానివాళ్ళ ఇంటికి ఫోన్ చేసి కారణం అడగండి. ఊరు మారామనో, స్విమ్మింగ్‌లో చేర్చామనో అంటే సరే. "ఎక్కువ ఆడించలేదు" అన్న మాట వినిపిస్తే మీ చార్టులు మళ్ళీ తీసి చూడండి.

చివరి ప్రాక్టీస్ రోజు పిల్లలకీ తల్లిదండ్రులకీ ఆట పెట్టండి. రెండువారాల ముందే చెప్పి, అమ్మల్నీ నాన్నల్నీ షూస్ వేసుకుని రమ్మనండి. పెద్దవాళ్ళు గట్టిగా కొట్టకూడదు, కానీ పరుగు మాత్రం నిజంగానే తియ్యాలి. సైడ్‌లైన్ మీద నిలబడి సూచనలిచ్చే పని ఆరోజు పిల్లలకి ఇవ్వండి.